మానుదా? కొమ్మదా?

సాలూరులో లారీ హారన్ కొడితే కోరాపుట్టులో కోడి లేస్తుందంటారు. అందులో అబద్ధమేం లేదు. ఆ కోడి గానీ లేవకపోతే డ్రైవరు పారినాయుడు బండి ఆపి, దిగి, స్వయంగా లేపి మరీ వెళ్ళేవాడు. దారిలో సుంకి ఘాటు రోడ్డు మీదున్న మలుపులన్నిటికీ చుట్టాల్ని పిలిచినట్టు పేర్లు పెట్టుకున్నాడు. గూనోడి మలుపు, గంగిరెద్దు మలుపు, అత్తారింటి మలుపు. అత్తారింటి మలుపంటే ఏటంటే, వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది, వెనక్కి రావడమే గగనం. ఇరవై టన్నుల ఇనుప లోడుతో ఘాటు దిగుతూ స్టీరింగు పక్కన టీ గ్లాసు పెట్టుకునేవాడు. చుక్క తొణికేది కాదు. ఓసారి ఆ గ్లాసు అంచు మీద ఈగొకటి వాలి నిద్రపోయి, సాలూరు బైపాసులో లేచి, ఇదేటి నేను రాయపూరులో కదా పడుకున్నానని తికమకపడిందట.

అలాంటి మనిషి నాలుగేళ్ళుగా వరండాలో ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయాడు. పడింది ఘాటులో కాదు, మలుపులోనూ కాదు. ఆగున్న బండి మీదెక్కి టార్పాలిన్ తాడు బిగిస్తుంటే ముడి జారింది, దాంతోపాటు తనూ జారాడు. ఎడమ మోకాలు మడత పడ్డం మానేసింది. మోకాలు మడవకపోతే క్లచ్ లేదు. క్లచ్ లేకపోతే బండి లేదు. బండి లేకపోతే పారినాయుడు లేడు. అతని లెక్క అంతవరకే సాగింది.

అయినా అతని అసలు మంట మోకాలు కాదు. ఇంకో పారినాయుడున్నాడు. వాడికి మోకాలు మడత పడుతుంది. వాడింకా ఘాటెక్కుతున్నాడు, దిగుతున్నాడు, పాటలు పాడుతున్నాడు. పైగా వాడితో మాట్లాడుతున్నప్పుడు ఈ పారినాయుడి పెళ్ళాం పకపకా నవ్వుతుంది. దానికి ఏ మందు రాయాలి?

ఆ పెళ్ళాం పేరు శ్యామల. వాళ్ళ నాన్న లారీల వెనక తామరపూలూ నెమళ్ళూ వేసే పెయింటరు. ఆయన కుంచె పట్టుకునే పెరిగింది. ఎక్కడో మంచు దేశపు కంపెనీ ఒకటి కంప్యూటర్లో లారీ నడిపే ఆట చేసి వదిలితే, అందులో లారీలన్నీ తెల్లటి రేకుడబ్బాల్లా బోసిగా ఉన్నాయని శ్యామలకి జాలేసింది. ముందు వాటికి తామరపూలు వేసింది. తర్వాత నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. తర్వాత కంప్యూటరు సెంటర్లో ఆర్నెల్లు కూర్చుని కోడు రాయడం నేర్చుకుని, ఏకంగా సాలూరుని తీసుకెళ్ళి ఆటలో పెట్టేసింది. ఊరు, బైపాసు, టీ బడ్డీలు, సుంకి ఘాటు, అన్నీ. అసలాటకి ఇలా బయటివాళ్ళు వేసుకునే అతుకుని మాడ్ అంటారు. శ్యామల మాడ్ వేసుకుని ప్రపంచంలో ఎంతమంది ఆడతారంటే, వాళ్ళందరూ ఒక్కసారి తుమ్మితే మన వేగావతి ఏరు వెనక్కి పారుతుంది.

ఊరూ రోడ్డూ వచ్చాయి గానీ ఘాటులో లారీ నడిపేవాడు రాలేదు. ఆట డ్రైవర్లు గూనోడి మలుపు దగ్గరికి రాగానే లోయలోకి దూకేస్తున్నారు. అప్పుడొచ్చాడు గురువులు. గురువులంటే పదిమంది కాదు, ఒక్కడే. పేరే అంత. లారీ హారన్లు బాగుచేసేవాడు. ఈ ప్రపంచంలో హారన్‌తో బాగుపడని జబ్బు లేదని అతని నమ్మకం.

"అప్పా, హారన్ ఊదితే లోపలున్న గాలి బయటికొస్తాది గదా?" అన్నాడు, తనకి అక్క వరసైన శ్యామలతో. "అదే తిరగేసి పీలిస్తే? మనిషిలో ఉన్నది బయటికి రావాల గదా?"

ముప్పై రెండు హారన్ల తీగచుట్టలతో టోపీ ఒకటి చేశాడు. పారినాయుడప్పుడు ఘాటుకి రాజు. కాలు మీద కాలేసుకుని, టోపీ పెట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. రావాల్సింది డ్రైవింగొక్కటే. కానీ మనిషిలో డ్రైవింగెక్కడ ఆగుతుందో, మనిషెక్కడ మొదలవుతాడో ఎవడు గీత గీశాడు? మొత్తం వచ్చేశాడు. ఆటలో లారీ తలుపు తెరుచుకుంది. లోపలినుంచి మీసం దువ్వుకుంటూ పారినాయుడు, "ఒలే శ్యామలా, ఇదేటే, టీ లేదేటి ఇక్కడ?" అన్నాడు.

మూడు నెలల తర్వాత ఈ పారినాయుడు లారీ మీదనుంచి పడ్డాడు. ఆ పారినాయుడు పడలేదు.

శ్యామల వాణ్ణి 'కొమ్మ' అనేది. కంపెనీవాళ్ళ ఆట మాను అయితే తన సాలూరు కొమ్మ. పారినాయుడి తల మాను అయితే ఆటలోవాడు కొమ్మ. రోజూ పొద్దున్న పదింటికి మైకు తగిలించుకుని కొమ్మతో పనిలో కూర్చుంటుంది. వరండాలోకి అన్నీ వినబడతాయి.

"నాయుడూ, నిన్న గంగిరెద్దు మలుపు కాడ గోడ కట్టినాను, తగిలిందేటి?"

"గోడ తగల్లేదు గానీ నువ్వేసిన గేదె తగిలిందే. అది నన్ను చూసి ఎలగ నిలబడిందంటే, మీ అమ్మ నన్ను పెళ్ళిచూపుల్లో చూసినట్టే."

శ్యామల నవ్వు. గ్లాసుల పెట్టె మెట్ల మీంచి దొర్లినట్టు ఉంటుంది ఆ నవ్వు.

పారినాయుడు గుర్తుపట్టాడు. 'నాయుడూ' అనేది ఒకప్పుడు తన పేరు. పెళ్ళైన కొత్తలో, తను రాయపూరు లోడు దింపి వచ్చి గుమ్మంలో నిలబడితే పిలిచిన పేరు. ఇప్పుడు తనని 'ఏటయ్యా' అంటుంది. 'ఏటయ్యా, మందేసుకున్నావా', 'ఏటయ్యా, కాలు జాపుకో'. తన పేరు పట్టుకుపోయి వాడికి తొడిగింది. తన పెళ్ళికోటు పొరుగువాడు వేసుకుని వీధిలో తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నట్టుంది.

ఈర్ష్య పడ్డంలో కూడా పారినాయుడు రాయపూరు దాకా పోయే మనిషి. ఓ వారం వాడి కంటే బాగా పాడాలని వరండాలో పాట ఎత్తుకుంటే ఎదురింటి కుక్క ఇల్లు మారింది. ఇంకో వారం గేదె మీద జోకు ఆలోచించి, భోజనం దగ్గర చెబితే, "కాలు నొప్పిగా ఉందేటయ్యా, అలగ మూలుగుతున్నావు?" అంది శ్యామల. వాడి లారీ నుదుటి మీద 'శ్యామల' అని ఎర్రరంగుతో రాసి ఉందని తెలిసి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"ఆ పేరు తీసీ."

"అది నువ్వు రాయించుకున్నదే కదయ్యా నీ బండి మీద? అదే ఆడి బండి మీదికెక్కింది."

"నా బండి అమ్మీసినాం. ఆడిదీ అమ్మీ."

నిజానికి గురువులు టోపీ పద్ధతి ఏటంటే, ఏడాదికోసారి పారినాయుడు కూర్చోవాలి. మానులో కొత్తగా వచ్చిన చిగురు కొమ్మకీ ఎక్కాలి. పారినాయుడు ఒక్కసారీ కూర్చోలేదు. "నా తలలో ఉన్నది ఆడికెందుకు? నా తల్లో ఏటుందిప్పుడు, మాత్రల పేర్లు" అనేవాడు. అలా నాలుగేళ్ళు మాను ఒకవైపు పెరిగింది, కొమ్మ ఇంకోవైపు పెరిగింది.

అలా ఉండగా మంచు దేశపు కంపెనీ కొత్త ఆట వదిలింది. పాతదాన్ని సున్నం కొట్టి వదిలేయలేదు, పునాదులతో సహా మార్చింది. శ్యామలకి ఇది అలవాటే. పైనుంచి కొత్త కోడు వచ్చినప్పుడల్లా తన సాలూరుని దాంతో కలపాలి. వాళ్ళు మార్చిన చోట తను మార్చకపోతే గొడవ లేదు, దానంతటదే కలిసిపోతుంది. ఇద్దరూ ఒకే చోట చెయ్యి పెడితేనే తంటా. అప్పుడు కంప్యూటరు ఆగి అడుగుతుంది, మానుదా, కొమ్మదా? ఏదుంచమంటావని. శ్యామల ఒక్కోటీ చదివి, ఆలోచించి, ఒక్కోచోట రెండిట్నీ నేర్పుగా కుట్టి, మూడు రోజుల్లో ఊరంతా కలిపేసింది. టీ బడ్డీలో మరుగుతున్న పాలు కూడా పొంగలేదు.

డ్రైవరు దగ్గర మాత్రం ఆగిపోయింది. నాలుగేళ్ళ పాత తలని కొత్త ఆట లోపలికి రానివ్వడం లేదు. కొత్తగా టోపీ పెట్టి కలిపితేనే వస్తాడు. లేకపోతే బైపాసు దగ్గర బొమ్మలా నిలబడిపోతాడు, ఎప్పటికీ.

ఆదివారం పొద్దున్న గురువులు టోపీ సంచిలో వేసుకుని వచ్చాడు. శ్యామల పారినాయుడి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. అలా కూర్చుని చాలా కాలమైంది.

"ఒక్క గంటయ్యా. నా కోసం."

'నా కోసమా, వాడి కోసమా' అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. బుర్రలో ఇంకో చక్రం తిరుగుతోంది. "సరే, తే" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకునేసరికి గురువులు భయపడి టోపీ సగం దాచేశాడు.

గంట అయ్యాక, శ్యామల వరండాలోకి తెచ్చిపెట్టిన కంప్యూటరు లెక్క చెప్పింది. రెండు వేల నూట ఏడు చోట్ల మానూ కొమ్మా వేరుపడ్డాయి. ఒక్కోదానికీ జవాబు చెప్పాలి, అదీ తల ఎవరిదో వాళ్ళ వేలితోనే.

"ఒక్కొక్కటీ చదువు" అంది శ్యామల, సంచీ తీసుకుని లేస్తూ. "ఆడిది బాగుంటే ఆడిది, నీది బాగుంటే నీది, రెండూ బాగుంటే రెండూ ఉంచు. కింద మూల 'అన్నీ మానువే' అని బటనుంది సూడు, దాని జోలికి మాత్రం ఎల్లకు. బద్ధకపోళ్ళు నొక్కుతారు దాన్ని. నాను సంతకెళ్ళి చేప తెస్తాను."

పారినాయుడు చదవడం మొదలెట్టాడు.

టీ. మాను: పంచదార లేదు. కొమ్మ: మూడు చెంచాలు. నాకు లేని పంచదార వాడికెందుకు? మానుదే.

పాట. మాను: పాడడు. కొమ్మ: ఘాటెక్కుతూ పాడతాడు. మానుదే.

గూనోడి మలుపు. మాను: నాలుగేళ్ళ కిందట దాటాడు. కొమ్మ: ఇవాళ దాటాడు. వేలు కాసేపు గాల్లో ఆగింది. మానుదే.

శ్యామల నవ్వు. కొమ్మ: మూడు వేల నూట పన్నెండు సార్లు, ఆఖరుది ఇవాళ పొద్దున్న. మాను: ఆఖరుది గుర్తు లేదు.

పారినాయుడు ఆ లైను మూడుసార్లు చదివాడు. గురువులు తీగలు చుట్టుకుంటూ ఏదో ఈల వేస్తున్నాడు. వీధిలో ఐస్ బండి గంట కొట్టుకుంటూ పోయింది. పారినాయుడి వేలు కింద మూలకి జారింది.

అన్నీ మానువే.

టక్కున అయిపోయింది. రెండు వేల నూట నాలుగు జవాబులు ఒక్క నొక్కుడుతో. శ్యామల చేప తెచ్చేసరికి పారినాయుడు కుర్చీలో కూర్చుని, నాలుగేళ్ళలో మొదటిసారి, కాలు నొప్పి లేనట్టు మొహం పెట్టాడు.

"అప్పుడే అయిపోయిందేటి?"

"తొందరగా సదివీసినాను."

సోమవారం పొద్దున్న పదింటికి కొత్త సాలూరు తెరుచుకుంది. పదీ పదికి శ్యామల ఫోను మోగింది. పదీ పావుకి ఆగకుండా మోగుతోంది.

సుంకి ఘాటులో, గూనోడి మలుపు దగ్గర, కొమ్మ లారీని రోడ్డుకి అడ్డంగా పెట్టేసి కూర్చున్నాడు. పైకి పోయేవాడు లేడు, కిందికి వచ్చేవాడు లేడు. బ్రెజిల్లో ఒకాయన ఉల్లిపాయల లోడుతో ఇరుక్కుని ఇంట్లో పొయ్యి మీద కూర మాడబెట్టుకున్నాడు. పోలెండులో ఒకావిడ స్టీరింగు ముందే జడ వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంది. బొబ్బిలివాడొకడు మైకులో తిట్టిన తిట్లకి ఆటలో చెట్లు ఆకులు రాల్చాయి. జాము సుంకి నుంచి మొదలై సాలూరు దాటింది, రామభద్రపురం దాటింది, శ్యామల గీసిన భూమంతా అయిపోయింది, ఇంకా ఏమీ గియ్యని తెల్లటి శూన్యంలోకి కూడా పోయి బండ్లు వరసగా నిలబడ్డాయి.

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. సాయంత్రం ఐదు లోపల దారి తెరవకపోతే సాలూరు మాడ్‌ని మొత్తం తీసేస్తారు. ఎనిమిదేళ్ళ పని.

శ్యామల మైకు తగిలించుకుంది. "నాయుడూ, ఏటైంది?"

అటునుంచి వచ్చిన గొంతు పారినాయుడు వరండాలోంచి విన్నాడు. ఆ గొంతులో పాట లేదు.

"ఎవులు నాయుడు? నీకు నాయుడు ఇంట్లో ఉన్నాడు కదా."

"అదేటి మాట?"

"నాకన్నీ తెలిసిపోయినాయి. నా ఇంట్లో ఎవుడో కూకున్నాడు. నా కుర్చీ. నా పెళ్ళాం సేతి సేపల పులుసు తింటన్నాడు. నీ మెట్టెల సప్పుడు ఇంటన్నాడు. నాకేటుంది? రోడ్డుంది. ఎంతెక్కినా అదే రోడ్డు. ఆణ్ణి దించీండి, అప్పుడు తీస్తాను బండి." గొంతు తగ్గించి అన్నాడు. "శ్యామలా, ఈ మోకాలేటే? నిన్నటిదాకా లేదు. మడవడం లేదే. మంటగా ఉందే."

శ్యామల మైకు తీసి బల్ల మీద పెట్టింది. స్క్రీన్ మీద ఏవో తెరిచింది, చూసింది. రెండు వేల నూట నాలుగు జవాబులు, ఒకే క్షణంలో. వరండాలోకి వచ్చి నిలబడింది.

"నొక్కీసినావు."

పారినాయుడు గోడ వైపు తిరిగాడు.

"అదిగో, అదే!" అంది శ్యామల. "నానేటి మాటాడినా గోడ వేపు తిరిగీతావు. నాలుగేళ్ళు నాను ఎవులితో మాటాడాల? ఆ గోడతోనా? ఆడు మాటకి మాటిస్తాడు. ఆడూ నువ్వే కదయ్యా. పరాయోడి కాడికెల్లినానా?"

"అదే కదే నా మంట" అన్నాడు పారినాయుడు గోడతోనే. "పరాయోడయితే కొట్టీసుందును."

గురువులు నవ్వబోయి, శ్యామల మొహం చూసి, దగ్గుగా మార్చుకున్నాడు.

"నిన్నటికి తిప్పీలేమేటి?" అన్నాడు పారినాయుడు, సగం తిరిగి.

"తిప్పితే పాతోడే అవుతాడు. పాతోణ్ణి కొత్త ఆట రానియ్యదు. బొమ్మైపోతాడు."

"నిన్నటి కొమ్మ అప్ప కాడ దాసే ఉంది, దాన్నీ ఏసి మళ్ళీ మొదట్నించి కలపాల బావా" అన్నాడు గురువులు. "టోపీ ఇంకొక్కసారే పన్జేస్తాది, తరవాత కాలిపోతాది. కానీ నడిసే బండికి టైరు మారుస్తామేటి? ముందాడు అడ్డం తీసి, పక్కకెట్టి, ఇంజను ఆపాల. ఆడంతట ఆడే ఆపాల. మనిషి మేలుకునే ఉంటాడు, మాటాడొచ్చు. బండే ఆగాల."

శ్యామల మళ్ళీ మైకు పట్టుకుంది. బతిమాలింది, తిట్టింది, ఒట్టేసింది. కొమ్మ కదల్లేదు. "ఇంజను ఆపిస్తే నన్ను తుడిసీస్తారు. నాకు తెలుసు. ఆడే తుడిపిస్తాడు. ఆడి బుద్ధి నాకు తెలీదేటి?"

మధ్యాహ్నం రెండయింది. ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. పారినాయుడు కర్ర పట్టుకుని లేచాడు. నాలుగేళ్ళలో ఆ గదిలోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. కుర్చీలో కూర్చుని, కాలు బారుగా జాపి, మైకు తీసుకున్నాడు. స్క్రీన్ మీద లారీ అద్దంలోంచి తన మొహమే తనని గుర్రుగా చూస్తోంది. మీసం మాత్రం ఇంకా నల్లగా ఉంది.

"ఒరే."

"ఎవుడ్రా నువ్వు?"

"పారినాయుణ్ణి."

"నానూ పారినాయుణ్ణే. నీ గొంతు ఇనబడితేనే ఒళ్ళు మండుతోంది."

"నాకూ అంతే" అన్నాడు పారినాయుడు. "నాలుగేళ్ళు మండింది. నీకు ఇవాళ పొద్దున్నించే కదా."

అద్దంలో ఆ మొహం లోయ వైపు తిరిగింది.

"మోకాలు నొప్పా? కిందనా, పక్కకా?"

"పక్కకి. లోపలేదో మేకు దిగినట్టు."

"చలేస్తే ఇంకా ఎక్కువవుతాది. తువ్వాలు సుట్టుకో." పారినాయుడికి తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియలేదు. ఆ నొప్పిని తనే మూటగట్టి వాడి ఒళ్ళో పడేశాడు. నాలుగేళ్ళ బరువు, ఒక్క నొక్కుడుతో. తనకైతే రోజుకింత, రోజుకింత వచ్చింది. వాడికి నిండు లోడు ఒకేసారి దింపాడు.

"ఒరే, ఘాటు రూలేటి?" అన్నాడు.

"ఏ రూలు?"

"ఎదురెదురుగా రెండు బండ్లు. దారి ఒక్కదానికే. ఎవుడాగాల?"

డ్రైవరుని నిద్రలో లేపి అడిగినా చెప్పే జవాబే. కొమ్మ గొణిగాడు. "ఎక్కీ బండికి దిగీ బండి దారివ్వాల. ఎక్కేవోడు మధ్యలో ఆగితే మళ్ళీ లాగలేడు."

"మరి మన ఇద్దర్లో ఎక్కేదెవుడు?"

"నువ్వేనంటావు. కుంటికాలుతో సంసారం లాగుతున్నానంటావు."

"నాను దిగుతున్నాన్రా" అన్నాడు పారినాయుడు. "నాలుగేళ్ళుగా దిగుతూనే ఉన్నాను. నిన్ను ఎక్కకుండా చేద్దామని నిన్న అడ్డం కూడా పెట్టీసినాను. లోడుతో ఎక్కేది నువ్వు. నాను ఆగుతాను. నువ్వు ముందెల్లు."

స్క్రీన్ మీద ఆ మొహం కిందికి దిగింది. శ్యామల గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురువులైతే బాహాటంగా ఏడుస్తున్నాడు, అదీ హారన్ మోతలాగే.

"ఎలగెల్తాను?" అన్నాడు కొమ్మ చివరికి. "క్లచ్ తొక్కలేను."

పారినాయుడు కుర్చీలో ముందుకి వంగాడు. "క్లచ్ ఎవుడికి కావాల? ఎనకెంత జాగా ఉంది?"

"రెండు బారలు."

"సాలు. ఇంజను నడవనీ, లేపోతే బ్రేకుకి గాలుండదు. గేరు నూట్రల్లోనే ఉండనీ. కుడికాలు బ్రేకు మీదెట్టి హేండ్ బ్రేకు ఒదులు. గాబరాపడకు. ఇప్పుడు కుడికాలు ఉల్లిపొర తీసినట్టు తియ్. దిగుడే కదా, అదే జారతాది. స్టీరింగు కొండ వేపు. ఇంకా. ఇంకా. ఎనక చక్రం మట్టికి తగిలిందా?"

"తగిలింది."

"ఆ సప్పుడు నాకూ ఇనబడింది" అన్నాడు పారినాయుడు. అతని చేతులు గాల్లో లేని స్టీరింగు తిప్పుతున్నాయి. చొక్కా వీపు తడిసిపోయింది. నాలుగేళ్ళ తర్వాత సుంకి ఘాటులో బండి తిప్పుతున్నాడు. "ఆఖరి మెలి. తిప్పు. ఆపు!"

లారీ కొండని ఆనుకుని నిలబడింది. ఉల్లిపాయల బ్రెజిలాయన ముందు కదిలాడు, పోతూ పోతూ హారన్ కొట్టాడు. వెనక పోలెండావిడ కొట్టింది. తెల్లటి శూన్యంలో చివరి బండి దాకా అందరూ వరసగా కొట్టుకుంటూ పోయారు. ఆ మోతకి నిజం కోరాపుట్టులో కోళ్ళన్నీ మధ్యాహ్నం మూడింటికి కూశాయని చెప్పుకుంటారు.

కొమ్మ తాళం చెవి తిప్పి ఇంజను ఆపాడు. "తుడిసీవు కదా?" అన్నాడు.

"ఒక్కొక్కటీ సదువుతాను. నువ్వు ఇను. ముందు నువ్వే సెప్పు ఏటుంచాలో."

పారినాయుడు మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు. మళ్ళీ రెండు వేల నూట ఏడు ప్రశ్నలు. ఇద్దరూ కూర్చుని ఎడ్ల సంతలో బేరమాడినట్టు ఆడారు.

"మోకాలు."

"నీకే ఉంచుకో బాబూ, నాకొద్దు."

"ఉంచుకుంటాలే. టీ పంచదార?"

"మూడు చెంచాలు నాకే."

"తాగు, తాగు. పులుసు వాసన? నిన్నటిది ఉంది, మొన్నటిది ఉంది, నాలుగేళ్ళవీ ఉన్నాయి."

"అన్నీ తే. తినలేను గానీ వాసనైనా ఉండనీ."

"గూనోడి మలుపు, ఇవాళటిది?"

"నాది. నీకు సెప్తాలే ఎలగుందో."

శ్యామల నవ్వు దగ్గర ఇద్దరూ ఆగారు. శ్యామలే పారినాయుడి భుజం మీంచి వంగి, అతని వేలు పట్టుకుని, 'రెండూ ఉంచు' మీద ఆనించింది.

"నొక్కు, నాయుడూ."

"ఆఁ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తెల్లారగట్ల నాలుగూ నలభైకి ఆఖరి ప్రశ్న అయిపోయింది. గురువులు నుదురు తుడుచుకుని స్క్రీన్ అటూ ఇటూ వెతికాడు. "అప్పా, ఒకటి మిగిలిపోయినట్టుంది సూడు. ఈ ఈర్ష్య సంగతి అడగలేదేటి? అసలు గొడవంతా దాందే కదా?"

శ్యామల చూసింది. నాలుగేళ్ళ కిందట విడిపోయినప్పుడు ఇద్దరిలోనూ లేని లైను అది. తర్వాత మానులో మొలిచింది. నిన్న పొద్దున్నించీ కొమ్మలోనూ ఉంది. "అడగదురా" అంది. "రెండు పక్కలా అక్షరం తేడా లేకుండా ఒకటే ఉంటే కంప్యూటరు అడగదు. గొడవ లేదనుకుని కలిపీస్తాది."

టోపీలోంచి సన్నగా పొగ వచ్చి, పీ అని చిన్న హారన్ మోత మోగి ఆగిపోయింది.

ఇప్పుడు పారినాయుడు వరండాలో కూర్చోవడం లేదు. శ్యామల పక్కన రెండో కుర్చీ వేయించుకున్నాడు. పొద్దున్న ఘాటు నేర్చుకోడానికొచ్చే దేశదేశాల డ్రైవర్లకి కొమ్మ బండి నడిపి చూపిస్తే, ఈయన నోటితో నడిపిస్తాడు. ఇద్దరూ గంటకోసారి పోట్లాడుకుంటారు. వాడి మీసం నలుపు చూసి ఈయనకి ఇంకా మండుతుంది. మధ్యాహ్నం కంచం చప్పుడైతే వాడికి మండుతుంది.

మొన్న శ్యామల కొరమేను పులుసు చేసింది. ఆ వాసనకి పక్కవీధి పిల్లులు ఎంగేజిమెంట్లు వాయిదా వేసుకుని వచ్చాయి. పారినాయుడు కంచంలో చేప తలకాయ పడింది. మైకులోంచి గొంతు వచ్చింది.

"ఏటి కూర?"

పారినాయుడు తలకాయ వైపు చూశాడు. "ఆనపకాయ" అన్నాడు. "అదీ ఉప్పు లేదు."

"పాపం" అన్నాడు కొమ్మ.

"నీకెలగుంది పైన? ఘాటు బాగుందేటి?"

"ఏటి బాగు? మంచు కమ్మీసింది. ముక్కు ముందర సెయ్యి కనబడదు. ఇలాంటి రోజు బండి తియ్యకూడదు."

శ్యామల స్క్రీన్ వైపు చూసింది. కొత్త ఆట వచ్చాక సుంకి ఘాటు అంత బాగా ఎప్పుడూ లేదు. ఎండ కొండ మీద పసుపు రాసినట్టు ఉంది. వాన వెలిసిన రోడ్డు మెరుస్తోంది. కోరాపుట్టు దాకా మబ్బు తునక లేదు.

ఆవిడ గిన్నె మూత మెల్లిగా తీసి, గరిటె అంచుకి తగలకుండా, చప్పుడు కాకుండా, ఇంకో ముక్క తీసి పారినాయుడి కంచంలో వేసింది.